అన్నీ వచ్చాయి, ఎనిమిదే రాలేదు: డాలస్‌లో ఒక బ్లాకౌట్ కేసు

2021 అక్టోబరు రెండో వారం, శనివారం పొద్దున ఫ్రిస్కో నుంచి ఫోను. "అన్నా, మా డిష్ గాలికి కాస్త పక్కకి తిరిగినట్టుంది. ఎనిమిదో ఛానెల్ రావట్లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?"

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఇళ్లకి కేబుళ్లు లాగడం, టీవీలు గోడకి బిగించడం, వైఫై సర్దడం నా పని. పిలిచేవాళ్లలో సగం మంది మనవాళ్లే. మిగతా ఛానెళ్ల సంగతేమిటని అడిగాను. నాలుగు, అయిదు, పదకొండు వస్తున్నాయట. వాళ్ల నాన్నగారు చూసే తెలుగు ప్యాక్ కూడా శుభ్రంగా ఉందట. డిష్ తిరిగితే లోకల్ ఛానెళ్లన్నీ కలిసికట్టుగా పోవాలి గానీ, మధ్యలోంచి ఒక్కటి ఏరుకున్నట్టు పోదు. "ఎనిమిది పెడితే తెర మీద ఏముంది?" అన్నాను. "ఏదో ప్రకటన అన్నా, చదవలేదు." చదవమన్నాను. చదివాక ఆయనకే తెలిసింది, ఇది స్పానర్‌తో తీరే పని కాదని.

అయినా వెళ్లాను. వెళ్లి మొదటిసారి తప్పు పని చేసి వచ్చాను. ఈ కేసు రాయడానికి కారణం ఆ తప్పే. ఆ తర్వాత మూడేళ్లలో ఇలాంటి ఫోన్లు చాలా వచ్చాయి, ప్రతిసారీ ఆ ఇల్లే గుర్తుకొచ్చింది.

గొడవ ఎవరెవరికి

అక్టోబరు 6 సాయంత్రం డిష్ నెట్‌వర్క్ అనే శాటిలైట్ టీవీ కంపెనీకీ, టెగ్నా అనే టీవీ స్టేషన్ల కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం గడువు తీరిపోయింది. కొత్త ధర కుదరలేదు. ఆ రాత్రికి 50కి పైగా మార్కెట్లలో 60కి పైగా స్టేషన్లు డిష్ బాక్సుల్లోంచి మాయమయ్యాయి; దీన్నే బ్లాకౌట్ అంటారు. డాలస్‌లో ఏబీసీ అనే జాతీయ నెట్‌వర్క్ కార్యక్రమాలు ఇచ్చే డబ్ల్యూఎఫ్‌ఏఏ (ఎనిమిది అంటే ఇదే), హ్యూస్టన్‌లో సీబీఎస్ ఇచ్చే కేహెచ్‌ఓయూ, వాషింగ్టన్‌లో సీబీఎస్ ఇచ్చే డబ్ల్యూయూఎస్‌ఏ, ఎన్‌బీసీ ఇచ్చేవాటిలో అట్లాంటా డబ్ల్యూఎక్స్‌ఐఏ, డెన్వర్ కేయూఎస్‌ఏ, సియాటిల్ కింగ్. తెలుగువాళ్లు గుంపుగా ఉన్న ఊళ్ల పట్టీ చదువుతున్నట్టే ఉంటుంది.

ఆ ఇంట్లో పెద్దాయన తెనాలి దగ్గర హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చారు. నేను టీవీ ముందు కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పార్టీ ఆపించింది బాబూ?" 2014లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు రెండు వార్తా ఛానెళ్లను ఆపేసిన రోజులు చూసిన మనిషికి ఆ ప్రశ్నే ముందు వస్తుంది. పార్టీ కాదు మాస్టారూ, ధర అన్నాను.

"ధరేమిటి? ఆ స్టేషను గాల్లో ఊరికే ఇస్తోందిగా?"

నాలుగు నెలల పాటు రెండు కంపెనీలూ వదిలిన ప్రకటనల్లో ఇంత సూటి ప్రశ్న నాకు కనపడలేదు. నిజమే, ఊరికే ఇస్తోంది. అమెరికాలో ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్, ఫాక్స్ కార్యక్రమాలిచ్చే లోకల్ స్టేషన్లు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు మీద టవర్ నుంచి ప్రసారం చేస్తాయి. యాంటెనా పెట్టుకున్నవాడు పైసా కట్టక్కర్లేదు. కానీ అదే సిగ్నల్‌ని మధ్యలో ఒక కంపెనీ పట్టుకుని తన చందాదారులకి అమ్మాలంటే స్టేషన్ అనుమతి కావాలని 1992లో వచ్చిన కేబుల్ చట్టం చెప్పింది. మూడేళ్లకోసారి స్టేషను రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి: డబ్బు అడగకుండా "నన్ను తప్పనిసరిగా వేయండి" అనడం, లేదా "నా అనుమతి కొనుక్కోండి, కుదరకపోతే వేయొద్దు" అనడం. జనం చూడని చిన్న స్టేషన్లు మొదటిది కోరతాయి. ఫుట్‌బాల్, సాయంత్రం వార్తలు చేతిలో ఉన్న పెద్ద స్టేషన్లు రెండోది కోరతాయి.

శాటిలైట్ కంపెనీలకి ఆయా ఊరి ఛానెళ్లను ఆ ఊరికే తిరిగి పంపే వెసులుబాటు 1999 చట్టంతో వచ్చింది. ఆ చట్టంలో ఒక విచిత్రం ఉంది. లోకల్ ఛానెల్‌ని ఆ ఊళ్లోనే వేస్తే కాపీరైట్ రుసుము సున్నా. స్టేషన్ అనుమతికి మాత్రం ధర ఉంటుంది, దాన్ని బేరమాడి తేల్చుకోవాలి. చందాదారుకి నెలకింత అని లెక్క కట్టే ఆ ధరలోంచి పెద్ద వాటా మళ్లీ పై నెట్‌వర్క్‌లకి వెళుతుంది, నెట్‌వర్క్‌ల దగ్గర్నుంచి ఫుట్‌బాల్ లీగుకి వెళుతుంది. ఒకవైపు చందాదారులు ఏటేటా తగ్గుతుంటే, మరోవైపు క్రీడల హక్కుల ధర పెరుగుతుంటే, మధ్యలో ఉన్న ఈ ఒప్పందం గడువు తీరిన ప్రతిసారీ పళ్లు కొరుక్కోవడమే.

"ఆపింది వాళ్లు" అని డిష్ అంది, "తీసేసింది వాళ్లు" అని టెగ్నా అంది. అనుమతి లేకుండా వేయడం చట్టవిరుద్ధం కాబట్టి డిష్ మాట సగం నిజం. పాత ధరకి కొన్నాళ్లు పొడిగించడం ఇద్దరి చేతుల్లోనూ ఉంది కాబట్టి టెగ్నాదీ సగం నిజం. తిలా పాపం తలా పిడికెడు. ఇక ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ఇరుపక్షాలూ చిత్తశుద్ధితో మాట్లాడుకుంటున్నాయా లేదా అని చూడగలదు. తేలేదాకా ఛానెల్ నడవనివ్వండి అని ఉత్తర్వు ఇవ్వడం దాని చేతిలో లేదు.

పక్క ఊరి ఏబీసీ ఛానెల్ తెచ్చి వేయొచ్చుగా అని కొడుకు అడిగాడు. డిష్‌కి ఆ దారీ లేదు. దేశాన్ని 210 టీవీ మార్కెట్లుగా కోశారు. ఏ మార్కెట్ ఇంటికి ఆ మార్కెట్ స్టేషనే. వేకో స్టేషన్‌ని ఫ్రిస్కోకి తెస్తే అది మరో గొడవ.

ఇంకో దారి అప్పుడే మూసుకుపోయింది. లోకాస్ట్ అని లాభాపేక్ష లేని ఒక సంస్థ ఉండేది. ఊళ్లో యాంటెనా పెట్టి, ఆ ఊరి స్టేషన్లను ఇంటర్నెట్‌లో ఇచ్చేది. డాలస్ కూడా అందులో ఉండేది. పెద్ద నెట్‌వర్క్‌లు కేసు వేశాయి. 2021 ఆగస్టు 31న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో లోకాస్ట్‌కి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది, సెప్టెంబరు 2న మూతపడింది. డిష్ బ్లాకౌట్‌కి దాదాపు ఐదు వారాల ముందు. అంతకు ముందు ఇలాంటి గొడవలొస్తే నేను ఆ యాప్ పెట్టించి చాయ్ తాగి వచ్చేసేవాణ్ని. యాంటెనాల సంగతి నాకు సరిగ్గా పట్టకపోవడానికి ఆ సుఖం కూడా ఒక కారణం.

నా మొదటి తప్పు

ఆ ఇంట్లో ఎనిమిది కావలసినవాళ్లు ఇద్దరు. కోడలు ఆస్పత్రిలో పనిచేస్తుంది, తెల్లవారుజామున బయల్దేరుతుంది. రోడ్ల పరిస్థితి, వాతావరణం ఎనిమిదిలోనే చూడటం అలవాటు. పిల్లాడికి శనివారం కాలేజీ ఫుట్‌బాల్ కావాలి. డిష్ మానేసి యూట్యూబ్ టీవీకి మారదామంటే అప్పట్లో నెలకి 65 డాలర్లు, పైగా మాస్టారి తెలుగు ఛానెళ్లు డిష్‌లో ఉన్నాయి. కాబట్టి డిష్ ఉండాలి, ఎనిమిది మాత్రం గాల్లోంచి పట్టుకోవాలి.

దుకాణంలో దొరికే పల్చటి ప్లాస్టిక్ రేకులాంటి యాంటెనా ఒకటి తెచ్చాను. మేడ మీద దక్షిణం వైపు కిటికీకి అంటించాను. డాలస్ టవర్లన్నీ ఊరికి దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కోకి దాదాపు 40 మైళ్లు. దిక్సూచిలో దక్షిణానికి కాస్త పడమర. టీవీలో స్కాన్ నొక్కితే వందకి పైగా ఛానెళ్లు పడ్డాయి. బొమ్మ శాటిలైట్ కంటే స్పష్టంగా ఉంది. ఆ అంకె చూసి మురిసిపోయి, డబ్బు తీసుకుని వచ్చేశాను.

రాత్రి తొమ్మిదింటికి మెసేజ్: "అన్నా, అన్నీ వచ్చాయి. ఎనిమిదే రాలేదు."

పెళ్లికి అందరూ వచ్చి పెళ్లికొడుకు రానట్టు. మర్నాడు మీటరు పట్టుకుని వెళ్లాను. టీవీలో కనపడే సిగ్నల్ పట్టీలని నమ్మకూడదు; ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కలో గీస్తుంది. మీటరులో చూడాల్సింది సిగ్నల్‌కీ శబ్దానికీ మధ్య తేడా. అమెరికా డిజిటల్ టీవీకి అది 15 డెసిబెల్స్ దాటాలి. 15 దాటితే బొమ్మ నిండుగా ఉంటుంది, తగ్గితే ముక్కలై ఆగిపోతుంది. పాత టీవీల్లోలా చీమలు పాకుతున్నా చూసే వెసులుబాటు ఇక్కడ లేదు. నా నోటుబుక్కులో ఆ రోజు రాసుకున్నవి: నాలుగు 26, అయిదు 25, పదకొండు 24, ఎనిమిది 11.

ఒకే కొండ మీది టవర్లు, ఒకే కిటికీ, ఒకే రేకు. ఒక్కటి మాత్రం ఎందుకు ఇంత కింద ఉంది?

తెర మీద కనపడే నంబరుకీ, గాల్లో స్టేషను వాడే అసలు నంబరుకీ సంబంధం ఉండక్కర్లేదు. డిజిటల్‌కి మారాక స్టేషన్లు పాత పేరు నిలుపుకోవడానికి పాత నంబరునే చూపిస్తాయి. డాలస్‌లో నాలుగు అని కనపడేది నిజానికి 35లో, అయిదు అని కనపడేది 24లో ప్రసారమవుతాయి. అవి యూహెచ్ఎఫ్, అంటే 470 నుంచి 608 మెగాహెర్ట్జ్ పట్టీ. ఎనిమిది మాత్రం పేరుకీ ఎనిమిదే, గాల్లోనూ ఎనిమిదే. అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్, వీహెచ్ఎఫ్‌లో పై పట్టీ. ఈ ఒక్క సంగతి నాకు తెలిసుంటే ఆ ఆదివారం ఇంట్లో ఉండేవాణ్ని.

లెక్క చేస్తే విషయం బయటపడుతుంది. 183 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 1.64 మీటర్లు. దాన్ని బాగా పట్టాలంటే అందులో సగం, 82 సెంటీమీటర్ల వెడల్పున్న లోహపు చేతులు కావాలి. నేను అంటించిన రేకు ఒక జానెడున్నర. యూహెచ్ఎఫ్‌కి సరిగ్గా సరిపోతుంది, ఎనిమిదికి మాత్రం చెంచాతో చెరువు తోడటమే. దీనికి తోడు యూహెచ్ఎఫ్ స్టేషన్లకి 1000 కిలోవాట్ల దాకా అనుమతి ఉంటే, ఈ పట్టీలో టెక్సస్ లాంటి చోట్ల గరిష్ఠం 160. మామూలు రోజుల్లో వీహెచ్ఎఫ్ తరంగం కొండలూ చెట్లూ దాటి దూరం పోతుంది కాబట్టి స్టేషనుకి అంత కరెంటు అక్కర్లేదు, బిల్లు ఆదా. గదిలో కిటికీ మీది రేకు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆదా మన నెత్తిన పడుతుంది.

ఇక్కడ నేను ఇంకొంచెం తవ్వాను, తవ్విన కొద్దీ ఆశ్చర్యమేసింది. 2009 జూన్ 12న అనలాగ్ ఆగిపోయినప్పుడు చాలా పాత స్టేషన్లు తమ వీహెచ్ఎఫ్ నంబర్లకే తిరిగి వెళ్లాయి. పాత నంబరున్న స్టేషనంటే ఊళ్లో మొదట పుట్టిన స్టేషను, జనం ఎక్కువ చూసే స్టేషను. పెద్ద కంపెనీలు కొనేది అలాంటివాటినే. డాలస్ ఎనిమిది ముందు బెలో కంపెనీ చేతిలో ఉండేది. 2013లో గానెట్ బెలోని కొంది, 2015లో గానెట్ రెండుగా చీలి టెగ్నా పుట్టింది. హ్యూస్టన్ కేహెచ్‌ఓయూ గాల్లో 11, డెన్వర్ కేయూఎస్‌ఏ 9, అట్లాంటా డబ్ల్యూఎక్స్‌ఐఏ 10, వాషింగ్టన్ డబ్ల్యూయూఎస్‌ఏ 9. అన్నీ ఇదే పట్టీ. సియాటిల్ ఒక్కటి యూహెచ్ఎఫ్.

అంటే ఏం జరిగింది? "ఛానెల్ పోయిందా? చవక యాంటెనా పెట్టుకోండి, ఉచితంగా వస్తుంది" అని ఊరంతా సలహా చెబుతున్న వారాల్లో, పోయిన పెద్ద ఛానెళ్లలో చాలావరకు ఆ చవక యాంటెనాకి చిక్కనివే. బేరం ఆడేవాళ్లెవరూ దీన్ని కావాలని చేయలేదు. కానీ బేరంలో ఎవరి చేయి పైనో తేల్చడంలో ఆ జానెడున్నర రేకుకీ వాటా ఉంది: గాల్లోంచి సులువుగా పట్టుకోగలిగితే ఆ ఛానెల్ లేదని జనం డిష్ మానేయరు, పట్టుకోలేకపోతే మానేస్తారు.

రెండోసారి, మూడోసారి

అటక మీద పెడదామనుకున్నాను. టెక్సస్‌లో కొత్తగా కట్టిన ఇళ్లకి ఎండ ఆపడానికి పైకప్పు చెక్కలకి లోపలివైపు అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది. అటకెక్కి టార్చి వేస్తే వెండి పెట్టెలో నిలబడినట్టుంది. వేసవిలో ఏసీ బిల్లు తగ్గించే ఆ రేకే సిగ్నల్‌ని కూడా ఆపుతుంది. దిగివచ్చాను.

ఇక బయటే. వెనకవైపు చూరు కింద, దక్షిణం కనపడేలా, వీహెచ్ఎఫ్‌కి పొడుగు చేతులూ యూహెచ్ఎఫ్‌కి పొట్టి చేతులూ ఉన్న యాంటెనా బిగించాను. నేను నిచ్చెన మీద ఉంటే మాస్టారు కింద నిలబడి పైకి చూస్తున్నారు. "ఇది మన దూరదర్శన్ యాంటెనా కదయ్యా!" ఆయన పొరబడలేదు. మన దగ్గర చాలా దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు ఈ పట్టీలోనే ఉండేవి కాబట్టి చేతుల కొలత కూడా ఇంచుమించు అంతే. ఇక కొడుకు టీవీ దగ్గర, నేను పైన, మధ్యలో మాస్టారు: "వచ్చిందా?" "లేదు!" "ఇప్పుడూ?" 1980ల్లో తెనాలి డాబా మీద జరిగిన నాటకమే, ఫ్రిస్కోలో. మీటరు నా జేబులోనే ఉంది, అరవాల్సిన పని లేదు. ఆయన సరదా ఎందుకు చెడగొట్టడం?

పని వివరాల్లో తోటి పనివాళ్లకి పనికొచ్చేవి మూడు. హాపర్, అంటే డిష్ వాళ్ల పెద్ద పెట్టె, ఉన్న ఇంట్లో డిష్ కేబుల్‌లోనే యాంటెనా సిగ్నల్‌ని కలిపేద్దామని ఆశపడొద్దు. గదుల్లోని చిన్న పెట్టెలతో హాపర్ ఆ కేబుల్ మీదే మాట్లాడుకుంటుంది, రెండూ కొట్టుకుంటాయి. విడి కేబుల్ లాగాను. రెండోది, ఎఫ్ఎం ఫిల్టరు. ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్. దాన్ని రెట్టింపు చేస్తే 176 నుంచి 216, సరిగ్గా ఈ ఛానెళ్ల నెత్తిన కూర్చుంటుంది. యాంప్లిఫయర్ పెట్టాల్సిన ఇంట్లో దానికి ముందు ఈ ఫిల్టరు తప్పనిసరి. మూడోది ఎర్తింగ్. టెక్సస్ వసంతంలో పిడుగులు పడే తీరు చూసినవాడెవడూ దాన్ని దాటవేయడు.

ఎనిమిది 24 డెసిబెల్స్‌కి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం.

నాలుగు రోజులకి మళ్లీ మెసేజ్. రోజూ సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి ఎనిమిది ముక్కలవుతోందట, పది తర్వాత బాగుంటోందట. పొద్దున అసలు ఇబ్బందే లేదు. వేళ చెప్పాక రోగం సగం తెలిసినట్టే. సాయంత్రం వెళ్లి, మీటరు బ్యాటరీ మీద నడిపిస్తూ, బోర్డులో ఒక్కో స్విచ్చూ కట్టేస్తూ పోయాం. వంటింటి స్విచ్చు కట్టగానే 15 లోపు నుంచి 24కి ఎగిరింది. గట్టు పైన అల్మరాల కింద అంటించిన ఎల్‌ఈడీ పట్టీ, దాని చవక అడాప్టరు. కోడలు వంట మొదలెట్టినప్పుడు వెలిగి, గిన్నెలు సర్దాక ఆరిపోయేది. ఎల్‌ఈడీ అడాప్టర్ల గోల యూహెచ్ఎఫ్ దాకా పెద్దగా పాకదు, వీహెచ్ఎఫ్‌ని మాత్రం కమ్మేస్తుంది. అడాప్టరు మార్చాం, యాంటెనా కేబుల్‌ని వంటింటి గోడ నుంచి దూరంగా తిప్పాం. తీరింది.

ఇంతలో కాలనీ సంఘం నుంచి ఉత్తరం: ఇంటి బయట యాంటెనా మా నియమాలకి విరుద్ధం, పది రోజుల్లో తీసేయండి. ఇది చాలా ఇళ్లలో వస్తుంది, చాలామంది భయపడి తీసేస్తారు. అక్కర్లేదు. లోకల్ టీవీ యాంటెనానీ, మీటరు వెడల్పు లోపు డిష్‌నీ సొంత ఇంటి మీద పెట్టుకోకుండా సంఘాలు ఆపకూడదని 1996లో ఎఫ్‌సీసీ నియమం పెట్టింది. ఆ నియమం ప్రతి జతచేసి, మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాం. మళ్లీ ఉత్తరం రాలేదు.

అన్నీ కలిపి ఖర్చు, నా కూలితో సహా 190 డాలర్లు. మొదటి రేకు డబ్బు నేను తిరిగి ఇచ్చేశాను. అది నా తప్పుకి నేను కట్టిన ఫీజు.

ఆ నాలుగు నెలలు

శరత్కాలం గడిచింది, థాంక్స్‌గివింగ్ గడిచింది, క్రిస్‌మస్ గడిచింది. ఒప్పందం కుదరలేదు. డిసెంబరు 30న కొలరాడోలో మార్షల్ మంటలు లేచాయి. లూయీవిల్, సుపీరియర్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లు ఒక్క మధ్యాహ్నంలో కాలిపోయాయి. డెన్వర్ ప్రాంతపు ఎన్‌బీసీ స్టేషన్ కేయూఎస్‌ఏ ఆ రోజు డిష్ ఇళ్లలో లేదు. డిష్ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా ఆ నగరం పక్కనే. మిగతా స్టేషన్లు ఉన్నాయి, ఫోన్లున్నాయి, కాబట్టి జనం చీకట్లో ఉండిపోయారని చెబితే అతిశయోక్తి అవుతుంది. కానీ ఏళ్ల తరబడి ఒకే గొంతుని నమ్మినవాళ్లు, ఇల్లు వదిలి పోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన వేళ ఆ గొంతు కోసం నంబరు నొక్కితే వచ్చింది ప్రకటన. లోకల్ ఛానెల్ అనే మాటకి బరువుండేది ఇలాంటి రోజునే.

2022 ఫిబ్రవరి 4న ఒప్పందం కుదిరింది. తేదీ చూడండి. ఎన్‌బీసీలో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభమైంది ఆ రోజే. అదే నెట్‌వర్క్‌లో ఫుట్‌బాల్ లీగు ఫైనల్, సూపర్ బౌల్, మరో తొమ్మిది రోజుల్లో, ఫిబ్రవరి 13న. డెన్వర్, అట్లాంటా, సియాటిల్ స్టేషన్లు ఇచ్చేది ఎన్‌బీసీ కార్యక్రమాలే. అంతకు మించి ఆ రోజు రెండు పక్షాలకీ జ్ఞానోదయం కావడానికి నాకైతే కారణం కనపడలేదు.

అప్పట్నుంచి నేను క్యాలెండరు చూసి సరుకు తెచ్చుకుంటున్నాను. 2020 డిసెంబరులో డిష్‌కీ, నెక్స్‌స్టార్ అనే మరో స్టేషన్ల కంపెనీకీ గొడవొచ్చి క్రిస్‌మస్ నాటికి తీరింది. 2023 జులై 2న డైరెక్‌టీవీ అనే మరో శాటిలైట్ కంపెనీ నుంచి నెక్స్‌స్టార్ స్టేషన్లు పోయాయి. వేసవంతా ఎవరికీ తొందర లేదు, ఫుట్‌బాల్ మొదలయ్యాక సెప్టెంబరు మధ్యకి తిరిగొచ్చాయి. 2024 సెప్టెంబరు 1న, అమెరికాలో మూడు రోజుల సెలవు వారాంతంలో, డిస్నీ ఛానెళ్లు డైరెక్‌టీవీలో ఆగిపోయాయి, ఏబీసీ సొంత స్టేషన్లు ఎనిమిది నగరాల్లో పోయాయి. పద్నాలుగో తేదీకి తిరిగి వచ్చాయి. జులైలో ఆగితే నెలలు, సెప్టెంబరులో ఆగితే వారాలు.

ఆ చివరి గొడవ మధ్యలోనే, సెప్టెంబరు 10న, ఫిలడెల్ఫియాలో ఏబీసీ అధ్యక్ష అభ్యర్థుల చర్చ పెట్టింది. ఇతర ఛానెళ్లు కూడా చూపించాయి కాబట్టి ఎవరికీ చర్చ తప్పిపోలేదు. నాకు నవ్వొచ్చింది మాత్రం వేరే సంగతికి. ఆ నగరంలోని ఏబీసీ స్టేషన్ డబ్ల్యూపీవీఐ గాల్లో వాడేది ఛానెల్ 6, వీహెచ్ఎఫ్‌లో కింది పట్టీ. తరంగం మూడున్నర మీటర్లు. దాన్ని సరిగ్గా పట్టాలంటే మనిషి ఎత్తున్న యాంటెనా కావాలి. చర్చ జరుగుతున్న ఊళ్లోనే, చర్చ నడుపుతున్న నెట్‌వర్క్ స్టేషనే, కిటికీ రేకుకి అన్నిటికంటే కష్టం.

మాస్టారు అంతకు చాలా ముందే ఊరెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరిలో ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు: "బాబూ, ఇక్కడా పోయాయి." కొత్త ధరల మీద కేబుల్ సంస్థలు సంతకం పెట్టనన్నందుకు స్టార్, జీ, సోనీలు ఫిబ్రవరి 18న వాటికి సిగ్నల్ ఆపేశాయి. దాదాపు వారం. ఆయన అడిగింది ఒక్కటే: "నువ్వు అక్కడ బిగించావే, అలాంటిది ఇక్కడ దొరుకుతుందా?" దొరికినా లాభం లేదని చెప్పాను. మన దేశంలో నేల మీది టవర్ నుంచి టీవీ ప్రసారం దూరదర్శన్‌కే. ప్రైవేటు ఛానెళ్లు టవర్ నుంచి ఉచితంగా రావు. అక్కడ ఆపరేటరూ ఛానెలూ తగువులాడుకుంటే మధ్యలో యాంటెనా పెట్టే దారి లేదు. కేబుల్ వదిలి డీటీహెచ్‌కి మారడమో, యాప్‌లో చూసుకోవడమో. "అయితే మీకే నయం," అన్నారు. ఆ ఒక్క విషయంలో అవునన్నాను.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఏ ఊరు, ఏ నంబరు అని. ఆ నంబరు గాల్లో ఎంతో చూశాకే ఏం కొనాలో చెబుతాను. 2024 సెప్టెంబరులో ఫ్రిస్కో ఆయన బావమరిది హ్యూస్టన్ నుంచి పిలిచాడు. డైరెక్‌టీవీ, ఏబీసీ పదమూడు పోయింది, సోమవారం రాత్రి మ్యాచ్ ఉంది, అపార్ట్‌మెంటు పదో అంతస్తు, టవర్ల వైపే బాల్కనీ. అక్కడ పదమూడు గాల్లోనూ పదమూడే. పెద్ద యాంటెనా అక్కర్లేదు, రెండు చువ్వలు లాగే పాత రకం కొనమన్నాను. పనిలోపనిగా చువ్వలు పూర్తిగా లాగేస్తాడేమోనని ముందే చెప్పాను: పొడుగు లాగితే బలం రాదు, ఒక్కో చువ్వ 34 సెంటీమీటర్లు, రెండూ అడ్డంగా, పిల్లల స్కేలు పెట్టి కొలువు. అరగంటకి ఫొటో పంపాడు. బాల్కనీ తలుపు పక్కన స్టూలు, స్టూలు మీద చువ్వలు, పక్కనే ఆకుపచ్చ స్కేలు, వెనక టీవీలో మైదానం.